మా అత్త పీకిన మొక్కలు

మా ఊళ్ళో మనిషిని పూడ్చాక, కుక్కలు తవ్వకుండా గుంత మీద ముళ్ళకంప పరిచి రాళ్ళు పెడతారు. మా అత్తను పూడ్చిన రోజు ఇద్దరు మగవాళ్ళు పోయి వాగుగట్టు మీద అందిన కంప నరికి ఈడ్చుకొచ్చారు. అది సర్కారు కంప. కొందరు సర్కారు తుమ్మ అంటారు. చూడగానే నేను అడ్డం పోయాను.

"అది వద్దు. రేగ్గంప తెండి."

"ఏదైతే ఏమే, కుక్కలు రాకుంటే సాలు," అన్నాడు మా ఇంటాయన. తల్లిని పూడ్చిన చేతులు ఇంకా కడుక్కోలేదు. మొహంలో ఏడుపు లేదు.

"ఆమె మింద ఈ కంప ఏస్తే లేసొచ్చి కొడతాది," అన్నాను.

కోడలు పిల్ల ఇట్లాంటప్పుడు నోరు మూసుకోవాలని ఎవరో గొణిగారు. కానీ మా పక్కింటి మునిరత్నం పార కింద పెట్టి, "ఆ యమ్మి చెప్పింది నిజమేరా. లేసొస్తే ముందు నన్నే కొడతాది. పోయి రేగ్గంప నరుక్కోని రాండి," అన్నాడు. ఎండలో మళ్ళీ పోయారు. తిట్టుకుంటూ పోయారు. అందరికీ ఆమె చేతి దెబ్బ తెలుసు.

మా అత్తకు మాటకంటే ముందు చెయ్యి వచ్చేది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పులుసులో ఉప్పెక్కువైందని గరిటె విసిరింది. కనుబొమ తెగింది. నేను మొహం పట్టుకుని కూర్చుంటే తనే పసుపు తెచ్చి గాయంలో అదిమింది. గరిటె దెబ్బకంటే ఆ అదమడమే ఎక్కువ నొప్పి పెట్టింది. "కదిలితే ఇంకోటి పడతాది," అంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అద్దంలో చూసుకుంటే బొట్టు కంటే ముందు అదే కనబడుతుంది.

మనుషులను ఆమె పేరు పెట్టి పిలిచేది కాదు. నేను "ఏమే". కొడుకు "ఒరే". ఊరంతా "ఒరే", "ఏమే"లే. మేకలకు మాత్రం పేర్లుండేవి. అన్నీ ఆమెకు పడని చుట్టాల పేర్లు. ఆడబిడ్డ పేరున్న మేక కొంచెం దారి తప్పితే చాలు, "ఒసే కాంతమ్మా, నీ బుద్ధి యాడికి పోతాదే" అని తంగేడు బరికెతో నడుం మీద పీకేది. ఆ కాంతమ్మ ఒకసారి నిజంగానే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. దొడ్లో ఈ మాటలు విని చెంగు నోట్లో కుక్కుకుని బస్సుకు వెళ్ళిపోయింది. మా అత్త బయటికి వచ్చి, "అన్నం తినకుండా పోయిందా? పొగరు," అంది.

నేను నలభై దాటాక సాయంకాలం బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నాను. ఒకరోజు మా అత్త నా పలక లాక్కుని చూసి, "దీన్ని మేక తింటాదా?" అని అడిగింది. తినదు అన్నాను. పలక గడ్డివాము మీదికి పోయి పడింది.

మా చేను స్వర్ణముఖి ఒడ్డున ఉంది. కాళహస్తి నుంచి నాయుడుపేట పోయే రోడ్డు దిగి కొంత దూరం నడవాలి. అంతా ఇసుక. మామ ఉన్నప్పుడు శెనక్కాయ పండేది. బోరు ఎండిపోయింది, మామ పోయాడు, చేను బీడు పడింది. నడివేసవి కత్తిరి ఎండల్లో గాలి లేస్తే ఆ ఇసుక ఇంట్లో అన్నం కుండ దాకా వచ్చేది. మాకు మిగిలింది మేకలు. మేకలకు మేత కావాలి. మా అత్త ఆ చేనును మళ్ళీ మేత చేను చెయ్యాలని పట్టుబట్టింది. దున్నలేదు, విత్తలేదు, ఒక్క మొక్క నాటలేదు.

ఎవరైనా మొక్క నాటుతుంటే ఆమెకు నవ్వు. "నాటినదానికి నీళ్ళు మొయ్యాల. తనంతట మొలిసింది నిన్నేమీ అడగదు," అనేది.

ఆమె చేసిందల్లా ఇది. రేగుపళ్ళ కాలంలో మేకలను పగలంతా గుట్ట మీద రేగుపొదల్లో మేపేది. పొద్దు వాలేసరికి చేనులోకి తోలి, చుట్టూ కంప కట్టి, ఆ దడిలో పడుకోబెట్టేది. మేకలు నెమరేసి రేగ్గింజలు అక్కడే ఉమ్మేసేవి. ఆ చోటు ఎరువు పట్టాక మేకలను ఇంకో పక్కకు మార్చి కొత్త దడి కట్టేది. పాత దడి కంపను అక్కడే పరిచేసేది, ఏ మూతీ లోపలికి పోకుండా. గాలికి కొట్టుకొచ్చిన తంగేడు గింజలు ఆ కంపకు తట్టుకుని ఆగేవి. పిట్టలు వాలి బలుసు గింజలు రెట్ట వేసేవి. వాన పడితే కంప నీడన, ఇసుకలోంచి రెండాకుల మొలకలు లేచేవి.

వాటిని చూడడానికి ఆమె పొట్ట మీద పడుకునేది. చెంప ఇసుకకు ఆనించి ఒక కన్ను మూసేది. పై నుంచి చూస్తే కనబడవనీ, నేల వారగా చూస్తే ఆకులు తేలతాయనీ అనేది. ఊళ్ళో కొత్తవాళ్ళు ముసలామె పడిపోయిందని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మొలక మీద కాలు వేశారని వాళ్ళకూ దెబ్బలు పడేవి.

మునిరత్నం మేక సంగతి చెప్పాలి. అది కంప కింద నుంచి దూరి, రేగు మొలకలు వరసగా కొరుక్కుంటూ పోతోంది. మా అత్త దూరం నుంచే గుండ్రాయి విసిరింది. రాయి వెనక కాలికి తగిలి ఎముక పుటుక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. మేక కూలబడి అరుస్తుంటే, ఆమె దాన్ని భుజాన వేసుకుని ఊళ్ళోకి నడిచి, మునిరత్నం గడపలో దించింది.

"నీ మేక కాలు ఇరగ్గొట్టినా," అంది. "కోసుకుంటావా, కట్టు కట్టుకుంటావా?"

మునిరత్నం లోపలి నుంచి కర్ర తెచ్చాడు. ఆమె వెనక్కి జరగలేదు.

"కొడితే కొట్టు. మళ్ళీ వస్తే ఇంకో కాలు కూడా ఇరగ్గొడతా. ముందే సెప్తాండా."

"నువ్వు మనిషివా అక్కా, రాచ్చసివా?" అన్నాడు మునిరత్నం. కర్ర ఎత్తలేదు, దించలేదు.

"ఆ వెదురు బద్ద ఇట్లియ్యి," అని అతని దడిలోంచే వెదురు లాగి చీల్చింది. మేకను మోకాళ్ళ కింద అదిమిపట్టి, అది ఆమె చెయ్యి కొరుకుతుంటే దాని మూతి మీద కొడుతూ, ఎముక సరిచేసి గుడ్డ చుట్టింది. కట్టు విప్పేదాకా రోజూ పోయి చూసేది. చూసి వచ్చేటప్పుడు మునిరత్నం పెళ్ళాంతో ఒక జగడం.

అట్లా కొన్నేళ్ళకు చేనులో ఒక పక్క రేగు, తంగేడు, బలుసు నడుం ఎత్తు లేచాయి. మేకలను వాటి మీదికి కొంచెంసేపు వదిలేది. చిగురు తినగానే తోలేసేది. ఇసుక లేవడం కూడా తగ్గింది.

తప్పు ఆమే చేసింది. ఒక ఏడు వానల్లేక రేగు కాయలేదు. మేకలకు దొరికిందల్లా వాగుగట్టు మీద సర్కారు కంప కాయలు. తియ్యగా ఉంటాయి, మేకలు ఎగబడి తింటాయి. అలవాటు ప్రకారం వాటిని సాయంత్రం చేనులోకే తోలింది. ఆ కాయల గింజ మేక కడుపులో చావదు. పెంటికలోంచి బయటపడి తడి తగిలితే మొలుస్తుంది.

ఆ తర్వాత మంచి వాన పడింది. పొద్దున్నే నన్ను నిద్ర లేపి, రెక్క పట్టుకుని లాక్కుపోయింది. చేనంతా పచ్చగా ఉంది. ఆమె మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఒక మొలకను చూపించబోయి వంగి, ఆగిపోయింది. ఇంకోటి చూసింది. ఇంకో చోటికి పోయి పడుకుని చూసింది. లేచి కూర్చుని రెండు పిడికిళ్ళతో తన తల తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను చేతులు పట్టుకోబోతే తోసేసింది.

"అంతా సర్కారు కంపే. నా చేత్తో నేనే పోసినా కదే."

ఆ కంప పెరిగితే ఇంకేదీ బతకదు. కింద రేగు చస్తుంది, తంగేడు చస్తుంది. మేకలు ఎండాకాలమంతా ఆ కాయలే తింటే వాటి దవడలు వంకరపోయి, నెమరు వెయ్యలేక, ఎముకలు తేలి చచ్చిపోతాయి. మా దొడ్లో అట్లా చచ్చిన మేకలను ఆమే పూడ్చింది.

ఆ రోజునుంచి యుద్ధం. ఇసుక తడిగా ఉన్నప్పుడు పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది. తడి ఆరితే తెగుతుంది, తెగినచోట నాలుగు కొమ్మలు లేస్తాయి. వాన పడిందంటే ఆమెకు తిండి లేదు, స్నానం లేదు. గొంతుక్కూర్చుని, ఒక్కోదాని మెడ పట్టుకుని, "సావు" అని పీకేది. నన్నూ కూర్చోబెట్టేది. ఒకసారి నేను పొరపాటున తంగేడు మొలకను పీకితే చేతి మీద కొడవలి పిడితో కొట్టింది. చెయ్యి బూరెలా వాచింది. ఆ చేత్తోనే సాయంత్రం దాకా పీకించింది.

పీకినా ప్రతి ఏడూ కొన్ని తప్పించుకునేవి. ఉత్తరం పక్క మాత్రం ఆమె చెయ్యి జారిపోయింది. అక్కడ కంప మనిషి ఎత్తు దాటింది.

అది చూసే మా ఇంటాయనకు ఆలోచన వచ్చింది. నాయుడుపేట నుంచి ఒక బొగ్గుల మేస్త్రీని, అతని బండి మీదే, వెంటబెట్టుకొచ్చాడు. మా అత్త చేనులో పీకుతూనే ఉంది. నేను ఆమె వెనకాల వరసలో ఉన్నాను.

మేస్త్రీ నెమ్మదస్తుడే. "పెద్దమ్మా, ఎందుకీ కష్టం? చేనంతా కంపకు వదిలెయ్యి. మేం నరుక్కుంటాం, ఈడనే బట్టీ ఏసి బొగ్గు కాలుస్తాం. నరికినా మళ్ళీ చిగురుస్తాది. నీళ్ళొద్దు, ఎరువొద్దు," అన్నాడు.

"నీ పెండ్లాన్ని కూడా ఇట్లే నరకతావా, మళ్ళీ చిగురుస్తాదని?"

"అమ్మా, నోరు మూసుకో," అన్నాడు మా ఇంటాయన. "మేకలెనక తిరిగి తిరిగి నా బతుకు ఇసకలో కలిసింది. ఈ చేను నాయనది. నాకూ హక్కుండాది."

"నీకు హక్కుండాదా? ఒక్క మొక్క పీకినావా దీంట్లో?"

గునపం అందుకుని ముందు బండి మీద వేసింది. లైటు పగిలింది. మేస్త్రీ బండి తిప్పుకునే లోపల రెండో దెబ్బ పడింది. మా ఇంటాయన వచ్చి ఆమె కొప్పు పట్టుకుని వెనక్కి గుంజాడు. గునపం పడిపోయింది. "సావు ముసిలిదానా, నువ్వు సస్తే గానీ మాకు బతుకు లేదు," అని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి గడ్డం మీద నెత్తురు కారింది. ఆమె నడుముకు దోపుకున్న కొడవలి తీసి, కొప్పు పట్టుకున్న చేతి మీద ఒక్కటి వేసింది.

మోచేతి కింద కండ విచ్చుకుని లోపల తెల్లగా కనబడింది. ఆ తర్వాతే నెత్తురు వచ్చింది. ఇసుక ఎంత తాగిందో. నా చీర కొంగు చించి కట్టాను. ఆయన పక్కకు ఒరిగిపోతుంటే నా భుజం మీద వేసుకున్నాను. మా అత్త కొప్పు మళ్ళీ ముడివేసుకుంటూ నిలబడి చూస్తోంది.

"గట్టిగా కట్టు. ఇంకా గట్టిగా," అంది.

ఆస్పత్రికి కానిస్టేబుల్ వచ్చాడు. మా ఇంటాయన, "రేకు గీరుకుంది సార్," అన్నాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్న మా అత్త లోపలికి వచ్చింది.

"అబద్ధం. నేనే నరికినా. వీడు నా జుట్టు పట్టుకున్నాడు. రాసుకో."

"కేసైతే లోపలేస్తారమ్మా, తెలుసా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఏస్తే ఏయి. కానీ ఇసక తడి ఆరినాక ఏయి. పీకేది ఉండాది."

కానిస్టేబుల్ ఆమె వైపు, పెదవి మీద ఎండిన నెత్తురు వైపు, మంచం మీదున్న కొడుకు వైపు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మా ఇంటాయన కుడిచేతి వేళ్ళలో రెండు ఆ తర్వాత ముడుచుకోలేదు. తల్లీకొడుకుల మధ్య మాటలు కూడా పోయాయి. ఒకే ఇంట్లో ఒకే కుండలో తింటూ, ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు నాకు చెప్పేవాళ్ళు. "ఆమె సచ్చినాక సూసుకుంటాలే," అనేవాడు ఆయన, ఆమెకు వినబడేట్టుగానే. "నేను సచ్చినాక వాడి ఇష్టమని సెప్పు. ముందర మాత్రం కాదు," అనేది ఆమె.

తర్వాతి ఏడు ఆమె చూపుడువేలిలో సర్కారు కంప ముల్లు విరిగింది. పిన్నీసుతో కెలికింది. జిల్లేడు పాలు పోసింది. వేలు నల్లబడి వాసన వచ్చేదాకా ఎవరికీ చూపించలేదు. కాళహస్తిలో డాక్టరు వేలు తీసెయ్యాలన్నాడు. తీసేశాక ఆమె, "నా వేలు నాకియ్యి," అంది.

"ఏం చేసుకుంటావమ్మా?"

"కూరొండుకుంటా. నీకెందుకు?"

ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంట్లోకి రాగానే నాతో, "వాడికి సెప్పు. వాడికి రెండు వంగవు, నాకు ఒకటి లేదు. ఇంకా నేనే గెలిచినా," అంది. మా ఇంటాయన తింటున్న పళ్ళెం తోసేసి బయటికి పోయాడు. గోడ అవతల ఆయన నవ్వాడో, దగ్గాడో నాకు తెలియలేదు.

ఆమె చేనులోనే పోయింది. బోర్లా, చెంప ఇసుకకు ఆనించి. ఆ దారిన మునిరత్నం పోతూ చూశాడట, వస్తూ చూశాడట. మొలకలు చూస్తోందనుకున్నాడు. దగ్గరికి పోతే రాయి పడుతుందని దూరంగానే తప్పుకున్నాడు. మధ్యాహ్నం నేను అన్నం తీసుకుపోయినప్పుడు చీమలు పట్టి ఉన్నాయి.

ఇక మా ఇంటాయనకు అడ్డం చెప్పేవాళ్ళు లేరు. కర్మ అయిన కొన్నాళ్ళకు తుపాను వాన పట్టింది. బొగ్గుల మేస్త్రీ ఫోన్ చేశాడు. "వాన తగ్గినాక రా," అని ఈయన చెప్పడం విన్నాను. వాన తెరిపిచ్చిన పొద్దున ఏమీ తినకుండా చేను వైపు పోయాడు. నేను చూరులోంచి కొడవలి తీసుకుని వెనకాల బయలుదేరాను. చేనంతా కంపకు అప్పగిస్తుంటే చూస్తూ ఊరుకునేదాన్ని కాదు. ఆమె ఎట్లా ఆపిందో నాకు తెలుసు.

చేనులో మేస్త్రీ లేడు. మా ఇంటాయన ఒక్కడే నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తో సర్కారు కంప మొలకలు పీకుతున్నాడు. పీకిన ప్రతిదానికీ ఒక బూతు. "ముసిలి ముండ. సచ్చింది. సచ్చినా ఈ పని పెట్టింది. కొంప ముంచింది. సావు. నువ్వూ సావు." పక్కనే లేచిన తంగేడు మొలకలను వేలితో జరిపి దాటుకుంటూ పోతున్నాడు.

అడుగుల చప్పుడుకు తిరిగి చూశాడు. చేతిలో కొడవలి చూశాడు.

"దేనికది?"

"గడ్డికి."

"ఈడ గడ్డి యాడుండాది?"

ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

"ఆ బొగ్గులోడు?" అని అడిగాను.

"ఉత్తరం పక్కది నరుక్కోమన్నా. అవి మానులైపోయినాయి, మనవల్ల కాదు. ఈ పక్క అడుగు పెడితే కాళ్ళిరగ్గొడతానని సెప్పినా." ఇంకోటి పీకి పారేశాడు. "ఏమే, నిలబడి సూస్తే అయిపోతాదా? ఇసక ఆరతాది. ఆ మూల పట్టు."

కొడవలి ఇసుకలో గుచ్చి కూర్చున్నాను. ముందు చేతికందింది నిరుడు తప్పించుకున్న మొక్క, ముల్లు ముదిరి ఉంది. బొటనవేలిలో దిగింది. నోటికొచ్చిన బూతు ఒకటి గట్టిగా తిట్టాను. ఎవరిని తిట్టానో ఆయన అడగలేదు.